యిర్మీయా 29:11 మీద రెండు పేపర్లు: బైబిల్ కాలేజీ ఎక్సెజెసిస్ కేస్ స్టడీ

బైబిల్ కాలేజీలో రెండో సంవత్సరం విద్యార్థి తడబడేది హీబ్రూ వ్యాకరణం దగ్గర అనుకుంటారు. దిద్దేవాళ్లకు ఎక్కువగా కనిపించేది వేరు. కంఠతా వచ్చిన వచనం దగ్గరే ఎక్కువమంది పడిపోతారు. ఇక్కడ రాసిన కేసు ఒక్క విద్యార్థిది కాదు. ఒకే రకం పొరపాట్లున్న కొన్ని పేపర్లను కలిపి ఒకరి పనిగా కూర్చాం, గుర్తుపట్టే వివరాలు తీసేశాం. గంటలు, మార్కులు అలా సర్దినవే. వచనాలు, తేదీలు, మూలభాష విషయాలు మాత్రం ఎవరైనా పుస్తకం తెరిచి సరిచూసుకోవచ్చు.

అప్పగించిన పని ఇది: బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు ప్రవక్త యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం, యిర్మీయా 29:1-14, మీద 3,000 పదాల ఎక్సెజెసిస్ పేపర్, అంటే వాక్యభాగాన్ని దాని సందర్భంలో వివరించే పేపర్ (60 మార్కులు), అదే భాగం మీద 25 నిమిషాల ప్రసంగం (25 మార్కులు), చివర్లో మౌఖిక పరీక్ష (15 మార్కులు). పేపర్‌లో 30 దాటితేనే ప్రసంగానికి అనుమతి. ఏ పనికి ఎన్ని గంటలు పట్టాయో రాసిన చీటీ పేపర్‌కు జతచేయాలి. ఆ చీటీ అంటే విద్యార్థులకు చిరాకు. కానీ పేపర్ ఎందుకలా వచ్చిందో తెలుసుకోవడానికి ముందు చూడాల్సింది దాన్నే.

విద్యార్థి మూడేళ్ల డిగ్రీలో సగం దాటాడు. హీబ్రూ ఒక ఏడాది చదివాడు. కూడబలుక్కుని చదవగలడు, క్రియారూపాన్ని పట్టిక చూసి పోల్చుకోగలడు. కాలేజీకి రాకముందే యువజన కూటాల్లో వాక్యం చెప్పాడు, మంచి గొంతు, ధాటి ఉన్నాయి. 29:11, అంటే "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" మిమ్మును గూర్చి నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు అన్న వచనం మీద అప్పటికే నాలుగైదు సార్లు ప్రసంగించాడు.

మొదటి పేపర్

చీటీలో 36 గంటలున్నాయి. వాక్యభాగం చదవడానికి 2, హీబ్రూకు 3, కామెంటరీలకు (వ్యాఖ్యాన గ్రంథాలకు) 13, ఇంటర్నెట్‌లో ప్రసంగాలు వినడానికి 8, రాయడానికి 10. పద్నాలుగు వచనాలకు రెండు గంటలు, ఇతరులు చెప్పినదానికి ఇరవై ఒక్క గంటలు. పేపర్‌లోనూ అదే లెక్క కనిపించింది. 3,000 పదాల్లో దాదాపు 2,200 ఒక్క 11వ వచనానికే పోయాయి. 1 నుంచి 9 వరకు ఒకే పేరాలో ముగించాడు. 10వ వచనం ఒక వాక్యంలో వచ్చి వెళ్లింది. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఆరోగ్యం అన్నిటిలో దేవుడు నీకొక ప్రణాళిక వేసి ఉంచాడన్నది ముగింపు. పాత ప్రసంగం ఔట్‌లైన్‌లోని మూడు పాయింట్లే పేపర్‌లో మూడు ఉపశీర్షికలయ్యాయి. 60కి 23 వచ్చాయి.

అది అశ్రద్ధ అనడానికి లేదు. కష్టపడ్డాడు. కానీ ముగింపు ముందే చేతిలో ఉండటంతో మిగతా గంటలన్నీ దానికి ఆధారాలు వెతకడంలోనే గడిచాయి. పొరపాట్లను విడివిడిగా చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది.

అన్నిటికంటే పెద్దది "మీరు". హీబ్రూలో 11వ వచనంలోని "మిమ్మును గూర్చి", "మీకు" రెండూ బహువచనాలు: అలేఖెమ్, లాఖెమ్. ఒక్కరితో మాట్లాడితే అలేఖా, లెఖా అని ఉండాలి. ఇప్పటి ఇంగ్లిష్ బైబిల్ చదివేవాళ్లకు ఈ తేడా కనబడదు, ఇప్పటి ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకే మాట. తెలుగు పాఠకుడికి ఆ ఇబ్బంది లేదు, అయినా దెబ్బతిన్నాడు. మనం మర్యాదకు ఒక్కరినీ "మీరు" అంటాం. కాబట్టి "మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అని వినగానే ప్రతి ఒక్కరూ అది తనకే అనుకుంటారు. పాత తెలుగు అనువాదంలో మాత్రం దేవుడు ఒక్క మనిషితో మాట్లాడితే "నీవు" అనే ఉంటుంది. ఇదే గ్రంథం 1:5లో యిర్మీయాతో "గర్భములో నేను నిన్ను రూపింపక మునుపే నిన్నెరిగితిని" అన్నాడు. అక్కడ "నిన్ను", ఇక్కడ "మిమ్మును". ఈ తేడా గమనించడానికి హీబ్రూ అక్కర్లేదు, రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. మొదటి పేపర్‌లో ఈ ఊసే లేదు. "నీ జీవితం" అన్న మాట మాత్రం పదిహేడు సార్లు వచ్చింది.

రెండోది "సమాధానం". వాడుకలో ఆ మాటకు జవాబు అని అర్థం. అందుకే "సమాధానకరమైన ఉద్దేశములు" అన్నచోట విద్యార్థి "మన ప్రశ్నలకు దేవుని దగ్గర జవాబుంది" అని ఒక పేరా రాశాడు. మూలంలో ఆ మాట షాలోమ్: క్షేమం, ఏ కొరతా లేకుండా ఉండటం. అసలు నష్టం అది కూడా కాదు. 7వ వచనంలో బబులోను పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమమునకు కారణమగును అని ఉంది. అక్కడ మూడుసార్లు వచ్చిందీ షాలోమే. తెలుగులో 7లో "క్షేమము", 11లో "సమాధానము" కావడంతో రెంటి మధ్య దారం తెగిపోయింది. 11వ వచనం వాగ్దానం చేసే షాలోమ్, 7వ వచనంలో శత్రువు పట్టణం కోసం కోరమన్న షాలోమ్‌తో ముడిపడి ఉంది. కాంకార్డెన్స్‌లో, అంటే ఏ మాట బైబిల్‌లో ఎక్కడెక్కడ వచ్చిందో చూపే సూచికలో, ఈ హీబ్రూ మాటకిచ్చిన స్ట్రాంగ్ సంఖ్య 7965 కింద వెతికితే ఐదు నిమిషాల్లో దొరికే సంగతి ఇది.

మూడోది "నిరీక్షణ". హీబ్రూలో తిక్వా. యెహోషువ 2:18లో రాహాబు కిటికీకి కట్టాల్సిన ఎర్రని దారానికీ ఇదే మాట. "నిరీక్షణ అంటే తాడు, దేవుడు మనల్ని తాడుతో పైకి లాగుతున్నాడు" అని విద్యార్థి ఒక పేజీ రాశాడు. ప్రసంగంలో చప్పట్లు వస్తాయేమో గానీ పేపర్‌లో మార్కులు పోతాయి. ఒక మాటకు ఇంకొక చోటున్న అర్థాన్ని, లేదా దాని ధాతువు అర్థాన్ని తెచ్చి ఇక్కడ పొయ్యకూడదు. 1961లో బైబిల్ పండితుడు జేమ్స్ బార్ ఈ అలవాటును గట్టిగా విమర్శించిన తర్వాత కూడా అది ప్రసంగాల్లోంచి పోలేదు, పోయేట్టూ లేదు. ఇక్కడ మాటకు తోడుగా ఏ మాట వచ్చిందో చూడాలి. 11లో తిక్వాతో పాటు అహరీత్ వచ్చింది. తెలుగులో "రాబోవు కాలము" అన్నది దాన్నే. ఈ జంట 31:17లో మళ్లీ కనిపిస్తుంది, పిల్లలు తిరిగి తమ స్వదేశానికి వస్తారన్న మాటతో. సామెతలు 23:18లోనూ ఉంది. యిర్మీయా గ్రంథం తన మాటకు తానే అర్థం చెబుతుంటే యెహోషువ దాకా పరిగెత్తనక్కర్లేదు.

చరిత్ర భాగంలో మార్కులు పోయింది సమాచారం లేక కాదు, తూచకుండా రాయడం వల్ల. చెరకు వెళ్లినవాళ్లు 10,000 మంది అని 2 రాజులు 24:14 చూపించాడు. రెండు వచనాల తర్వాత 7,000, 1,000 అన్న సంఖ్యలున్నాయి, యిర్మీయా 52:28లో 3,023 ఉంది. ఒక్కటి తీసుకుని మిగతావి వదిలేస్తే అవి తెలియవనే అనుకోవాలి. బబులోనుకు డెబ్బై సంవత్సరాలు నిండాక మిమ్మును తిరిగి రప్పిస్తాను అని 10వ వచనం అంటుంది, ఆ డెబ్బై సంవత్సరాలను క్రీ.పూ. 586 నుంచి 516 వరకు అని ఒక వాక్యంలో తేల్చేశాడు. దేవాలయం కూలిన ఏడు నుంచి మళ్లీ కట్టడం ముగిసిన ఏడు వరకు లెక్క సరిపోతుంది, నిజమే. కానీ 10వ వచనం లెక్కించేది బబులోనుకు ఇచ్చిన కాలాన్ని, దేవాలయం లేని కాలాన్ని కాదు. అష్షూరు చివరి బలం విరిగిన 609 నుంచి బబులోను పడిపోయిన 539 వరకు తీసుకునేవాళ్లున్నారు. బబులోను గెలిచిన కర్కెమీషు యుద్ధం జరిగిన 605 నుంచి లెక్కించి 66 వచ్చినా డెబ్బై సుమారు సంఖ్యే కదా అనేవాళ్లున్నారు. ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు, ఎందుకు ఎంచుకున్నాడో రాయాలి.

సెప్టువజింత్, అంటే పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదం, దగ్గర జరిగింది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. గ్రీకు అనువాదంతో పోల్చమన్నారు కాబట్టి అక్కడ 29వ అధ్యాయం తీశాడు. ఫిలిష్తీయుల మీద ప్రవచనం కనిపించింది. "గ్రీకులో ఈ భాగం పూర్తిగా వేరుగా ఉంది" అని రాసేశాడు. గ్రీకు యిర్మీయాలో అన్యజనుల మీది ప్రవచనాలు 25వ అధ్యాయం మధ్యలోకి వచ్చేస్తాయి, దాంతో హీబ్రూ 29 అక్కడ 36 అవుతుంది. గ్రీకు పాఠం మొత్తం మీద దాదాపు ఏడో వంతు చిన్నది కూడా. ఈ రెండు సంగతులు తెలియకుండా యిర్మీయా మీద పాఠ విమర్శ (ప్రాచీన ప్రతుల తేడాలను పోల్చి చూడటం) జోలికి పోకూడదు.

తిరగరాయడం

మూడు వారాలు గడువిచ్చారు. ఇచ్చిన సలహా ఒక్కటే: కొత్త పుస్తకాలు ఏవీ తీయొద్దు, పని వరుస మార్చు. మొదటి వారం కామెంటరీలు, ఫోన్‌లో ప్రసంగాలు బంద్.

మొదట 29వ అధ్యాయం మొత్తాన్ని, ఇచ్చిన 14 వచనాలు మాత్రమే కాదు, 32 వచనాలూ చేత్తో రాశాడు, వరుసకీ వరుసకీ మధ్య రెండు గీతలు ఖాళీ వదిలి. కాపీ చేసి అతికిస్తే పని జరగదు. చెయ్యి నెమ్మదిగా నడిస్తేనే కన్ను ఆగుతుంది. ఆ తర్వాత 24 నుంచి 29 అధ్యాయాలు ఒకే విడతలో పైకి చదివాడు. అక్కడే మొదటి పేపర్ కూలిపోయిందని చీటీలో తనే రాసుకున్నాడు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త నిలబడి, రెండు సంవత్సరాల్లో దేవాలయపు ఉపకరణాలు, రాజు యెకొన్యా, చెరపట్టబడినవాళ్లు అందరూ తిరిగి వస్తారంటాడు. 29:10 డెబ్బై అంటుంది. అంటే 11వ వచనం శూన్యంలో పలికిన ఆశీర్వాదం కాదు. రెండేళ్ల ప్రవచనం విని మూటలు విప్పకుండా కూర్చున్నవాళ్లకు చెప్పిన జవాబు అది. వాళ్లు చెరకు వెళ్లిన క్రీ.పూ. 597లో ముప్పై ఏళ్లున్నవాడు ఆ డెబ్బై చూడడు. 6వ వచనంలో కుమారులను కనండి, వారికి పెళ్లిళ్లు చేయండి, వారూ పిల్లలను కనాలి అని మూడు తరాల మాట ఉన్నది అందుకే. మొదటి పేపర్ ముగింపును హనన్యా సంతోషంగా సంతకం పెట్టి తన ప్రసంగంగా చెప్పుకునేవాడు.

ఆ తర్వాత నిర్మాణం. రాసిన కాగితం మీద "యెహోవా సెలవిచ్చుచున్నాడు" అన్న అర్థం వచ్చే ప్రకటన ఎక్కడ మొదలైతే అక్కడ గీత గీయమన్నారు. 4, 8, 10 వచనాల దగ్గర గీతలు పడ్డాయి. ఉత్తరం మూడు ముక్కలైంది: 4-7 ఇళ్లు కట్టి కాపురముండండి, 8-9 అబద్ధ ప్రవక్తల మాట వినకండి, 10-14 డెబ్బై ఏళ్ల తర్వాత దర్శిస్తాను. 11 ఈ మూడో ముక్క మధ్యలో ఉంది, 10కి కారణం చెబుతోంది. హీబ్రూలో 11 "ఎందుకనగా" అర్థమిచ్చే "కీ"తో మొదలవుతుంది. ఆ చిన్న మాటను వదిలేస్తే వచనం విడిగా గోడకు వేలాడదీయడానికి పనికొస్తుంది.

15వ వచనం దగ్గర ఒక చిక్కు వచ్చింది, అది బాగా పనికొచ్చింది. బబులోనులో మాకు ప్రవక్తలున్నారు అని ప్రజలంటున్నారన్న మాట అక్కడుంది. వెంటనే 16-20 యెరూషలేములో మిగిలినవాళ్ల గురించి. మళ్లీ 21లో బబులోనులోని ప్రవక్తలు అహాబు, సిద్కియా. మధ్యలో ఈ తెగడం ఏమిటని విద్యార్థి అడిగాడు. ఈసారి సెప్టువజింత్‌లో సరైన అధ్యాయం, 36, తీశాడు. అక్కడ 16-20 లేవు, 15 నేరుగా 21కి అతుకుతుంది. అదే గ్రీకులో 11వ వచనం చివర "రాబోవు కాలం, నిరీక్షణ" లేవు, "ఇవి మీకు ఇవ్వడానికి" అని మాత్రమే ఉంది. దీన్నుంచి ఏ పాఠం పాతదో రెండో సంవత్సరం విద్యార్థి తేల్చనక్కర్లేదు. తేడా చూపించి, తాను మసోరెటిక్ పాఠాన్ని (సంప్రదాయ హీబ్రూ పాఠాన్ని) ఎందుకు అనుసరిస్తున్నాడో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. అలాగే రాశాడు.

పదపరిశోధన మూడు మాటలకే పరిమితం చేశాడు: షాలోమ్, తిక్వా-అహరీత్ జంట, మహషావోత్. చివరిది "ఉద్దేశములు". దీనికి 18:11 దొరికింది. కుమ్మరి ఇంటి దగ్గర, మీ మీద కీడు రూపిస్తున్నాను, ఒక ఆలోచన చేస్తున్నాను అని దేవుడు అంటాడు. అక్కడ మహషావా (ఆలోచన), రాఆ (కీడు) రెండూ ఉన్నాయి. 29:11లో అవే రెండు మాటలు తిరగబడి వస్తాయి: మహషావోత్, కానీ రాఆకు కాదు. పేపర్ మొత్తంలో సొంతంగా కనిపెట్టినది ఇదొక్కటే, అయినా దానికే ఆరు మార్కులు. 1:10లోని "కట్టుటకును నాటుటకును", 24:6లో మంచి అంజూరపు పండ్ల దర్శనం, 29:5లో ఇళ్లు కట్టి తోటలు నాటడం ఒకే దారాన ఉన్నాయని కూడా చూపించాడు. ప్రవక్త పిలుపులోని క్రియలు ఇప్పుడు చెరలోని మామూలు జనం చేతికి వచ్చాయి.

కామెంటరీలు రెండో వారం చివర తెరిచాడు, ఒకదానితో ఒకటి విభేదించే రెండింటిని. ఈసారి వాటికి పట్టింది 6 గంటలు. ప్రశ్న చేతిలో ఉన్నవాడికి కామెంటరీ త్వరగా జవాబిస్తుంది. ఖాళీ చేతులతో వెళ్తే అది తన ప్రశ్నలనే అంటగడుతుంది.

అల్-యాహూదు పలకల దగ్గర మాత్రం మళ్లీ తూలాడు. బబులోను ప్రాంతంలో యూదా గ్రామస్థుల పొలాలు, పన్నులు, అప్పుల లెక్కలున్న ఈ మట్టిపలకలు 2014లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో పాతది క్రీ.పూ. 572 నాటిది. "చెరలోని ప్రజలు యిర్మీయా ఉత్తరానికి లోబడ్డారనడానికి ఇది రుజువు" అని రాశాడు. పలకలు చెప్పేది వాళ్లు అక్కడ స్థిరపడ్డారనే. ఎవరి ఉత్తరం చదివి స్థిరపడ్డారో చెప్పవు. ఉత్తరం తేదీ విషయంలోనూ అంతే. 28వ అధ్యాయం యూదా రాజు సిద్కియా ఏలుబడి నాలుగో సంవత్సరానిది కాబట్టి ఉత్తరమూ అప్పటిదే అని తేల్చాడు. 29:2 యెకొన్యా చెరకు వెళ్లిన తర్వాత అని మాత్రమే అంటుంది. యిర్మీయాలో అధ్యాయాల వరుస కాలక్రమం కాదు.

రెండో పేపర్‌కు 60కి 42 వచ్చాయి.

లోలకం అటు చివరకు

ఇక్కడితో ఆగితే కేసు చక్కగా ముగిసేది. ప్రసంగం మొదటి ప్రతిలో ఇంకో రకం తప్పు బయటపడింది, చదువు బాగా సాగిన విద్యార్థుల్లోనే కనబడే తప్పు. "ఈ వచనం మనకు కాదు, క్రీ.పూ. 6వ శతాబ్దపు యూదులకు" అని మొదటి పది నిమిషాలు సంఘాన్ని మందలించాడు. వాళ్లకు ఇష్టమైన వచనాన్ని లాక్కుని బదులుగా తేదీలు చేతిలో పెట్టాడు. పైగా 38 నిమిషాలు పట్టింది.

ఎక్సెజెసిస్ ఆగేచోటు నుంచి ప్రసంగం మొదలవ్వాలి, రెంటికీ మధ్య ఒక వంతెన కావాలి. ఈ కేసులో మూడు పలకలు వేశారు. ఒకటి, ఇది ఒక సమాజానికి ఇచ్చిన వాగ్దానం, కాబట్టి వినే సమాజాన్ని ముందు "మీరందరూ" అని పిలవాలి, ఒక్కొక్కరినీ విడదీయకూడదు. రెండు, దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తునందే "అవును" అవుతాయని 2 కొరింథీయులు 1:20 అంటుంది, కాబట్టి క్రైస్తవ సంఘం ఈ వాగ్దానంలోకి వచ్చేది క్రీస్తు ద్వారానే తప్ప నేరుగా కాదు. మూడు, 1 పేతురు 1:1 విశ్వాసులను చెదరిపోయిన పరదేశులుగా పిలుస్తుంది, అదే పత్రిక 5:13లో బబులోను పేరెత్తుతుంది. అంటే చెర భాషను సంఘానికి అన్వయించడం కొత్త నిబంధనే మొదలుపెట్టింది.

ప్రసంగాన్ని ఒక్క వాక్యానికి కుదించమన్నారు. ఐదో ప్రయత్నంలో వచ్చింది: "త్వరగా విడిపిస్తానన్నవాళ్లను నమ్మకండి, నమ్మదగ్గవాడు ఆలస్యమని ముందే చెప్పి, ఆ ఆలస్యంలోనే ఇల్లు కట్టుకోమంటున్నాడు." ఆ వాక్యానికి పనికిరానివి, అంటే సెప్టువజింత్, మట్టిపలకలు, డెబ్బై ఏళ్ల మూడు లెక్కలు, కొట్టేశారు. అవి పేపర్‌కు చెందినవి. కొట్టేయడం విద్యార్థికి చాలా కష్టమైంది, మూడు వారాల కష్టం కదా. చివరి ప్రతి 27 నిమిషాలు నడిచింది. రెండు నిమిషాలు ఎక్కువైనందుకు ఒక మార్కు, 14వ వచనాన్ని హడావుడిగా దాటేసినందుకు రెండు, అన్వయంలో 7వ వచనాన్ని, అంటే పొరుగువారి క్షేమాన్ని, పూర్తిగా మరిచిపోయినందుకు నాలుగు పోయాయి. పేపర్‌లో అంత బాగా పట్టుకున్న షాలోమ్ ముడి ప్రసంగంలో జారిపోయింది. 25కి 18.

మౌఖిక పరీక్షలో చివరి ప్రశ్న: "ఆసుపత్రిలో, బతకడని తెలిసిన రోగి పక్కన కూర్చున్నావు. ఆయన భార్య 29:11 చదవమంది. చదువుతావా?" విద్యార్థి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చదువుతానన్నాడు, కానీ 10తో కలిపి, ఇది చూడకుండానే చనిపోయినవాళ్లకు కూడా దేవుడు ఈ మాట చెప్పాడని ఆమెకు ఒక్క ముక్క చెప్పి. పరీక్షకులు వెంటనే అడిగారు: ఆ ఒక్క ముక్క ఆ సమయంలో ఏ మాటల్లో చెబుతావు, చెప్పు. దానికి విద్యార్థి దగ్గర వాక్యం సిద్ధంగా లేదు. 15కి 11 వేశారు.